పేరు రాసుకునే మనిషి

(విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో ఒక మాజీ సైనికుడి సంస్మరణ సభలో, ఆయనతో కలిసి పనిచేసిన విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండీ. ఎండనపడి వచ్చిన మాజీ సైనికులకి, వాళ్ల ఇంటివాళ్లకి, ముందు వరసలో కూర్చున్న హవల్దారు గారి భార్యకి, అంటే మా వదినకి, పిల్లలకి, మనవలకి నమస్కారం.

నాకు ముందు మాట్లాడినవారు హవల్దారు గారి యుద్ధం గురించి చెప్పారు, రక్తదానం గురించి చెప్పారు, బుడమేరు వరద గురించి చెప్పారు. అన్నీ నిజాలే. 'అలుపెరగని సేవ' అన్నారు చూశారా, ఆ ఒక్క మాటకి మాత్రం నేను ఒప్పుకోను. హవల్దారు గారిని నేను అన్నయ్య గారనే పిలిచేదాన్ని. అన్నయ్య గారికి అలుపు వచ్చేది. మధ్యాహ్నం డబ్బా అన్నం తిన్నాక బల్ల దగ్గరే కుర్చీలో ఒక కునుకు తీసేవారు. సాయంత్రం ఆరయ్యేసరికి "ఇక లేస్తానమ్మా, మీ వదిన ఒక్కతే ఉంటుంది" అని కళ్లజోడు డొప్పలో పెట్టేసేవారు. ఎంత పెద్దవాళ్లు వస్తున్నారని చెప్పినా ఆగేవారు కాదు. అలిసిపోయే మనిషి, ఇంటికి వేళకి చేరే మనిషి, ఇంత పని ఎలా చేశారు? దానికొక పద్ధతి ఉంది. నేను దాన్ని దగ్గరగా చూశాను. ఇవాళ దాని గురించే చెప్తాను.

ఆయన నోట 'జనం' అనే మాట నేను వినలేదు. ఎవరన్నా వచ్చి "ఆ కాలనీలో జనం చాలా ఇబ్బంది పడుతున్నారండీ" అంటే, "ఎవరు? ఇంటాయన పేరేంటి? ఏ వీధి? మంచాన పడ్డవాళ్లెవరన్నా ఉన్నారా?" అని అడిగేవారు. అవతలి మనిషి చెప్పలేకపోతే, "కనుక్కుని రా నాయనా, ఇక్కడే ఉంటా" అని పంపేవారు. కోపం ఉండేది కాదు. పేరు తెలియకుండా పని మొదలుపెట్టడం ఆయనకి చేతనయ్యేది కాదు. ఎర్ర అట్ట బౌండు పుస్తకం తీసి, పేరు, ఇంటిపేరు, ఊరు, సంగతి రాసుకునేవారు. పని అయ్యాక పక్కన తేదీ వేసేవారు. కాని పనులకి తేదీ ఉండదు. అలాంటి వాటిని ప్రతి ఆదివారం మళ్లీ తిరగేసేవారు. మనలో చాలామందికి కష్టంలో ఉన్నవాళ్లంటే గుంపుగా కనబడతారు. గుంపుని చూస్తే జాలి వేస్తుంది, కాసేపటికి పోతుంది. పేరు తెలిస్తే అలా పోదు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఇదే.

ఆయనది దివిసీమ. కౌలు సేద్యం చేసుకునే కుటుంబం. 1968లో పంతొమ్మిదేళ్లప్పుడు సైన్యంలో చేరారు. బెంగళూరులో ఉల్సూరు చెరువు పక్కన మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ కేంద్రం ఉంటుంది, అక్కడ శిక్షణ. 1780 నాటి దళం అది. మన దక్షిణాది పిల్లలందరూ అందులో కలిసి ఉంటారు. సైన్యంలో వాళ్లని 'తంబీ' అని పిలుస్తారు. సాపర్ అంటే ఏమిటో మా బ్యాంకులో మొదట ఎవరికీ తెలీదు. మిలటరీ అంటే తుపాకీ పేల్చడమే అనుకునేవాళ్లం. వంతెన వేసేది సాపర్, అవసరమైతే దాన్ని పేల్చేసేదీ సాపరే. రోడ్డు వేస్తారు, మందుపాతరలు తీస్తారు. అందరికన్నా ముందు వెళ్లి, వెనక వచ్చేవాళ్లకి దారి చేసి, ఇటూ అటూ గుర్తులు పెట్టడం వాళ్ల పని.

1971 యుద్ధంలో శకర్‌గఢ్ వైపు, బసంతర్ నది దగ్గర మందుపాతరల పొలాలుండేవి. డిసెంబరు 15 రాత్రి సాపర్లు వాటిలో దారి చేస్తున్నారు. దారి పూర్తికాకముందే ట్యాంకులు కదలాల్సి వచ్చింది. మర్నాడు, 16న, ఇరవై ఒక్కేళ్ల అరుణ్ ఖేతర్‌పాల్ ఆ పోరులోనే ప్రాణం ఇచ్చాడు. ఆయనకి పరమవీర చక్ర వచ్చింది. అదే రోజు సాయంత్రం ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. అన్నయ్య గారు ఈ సంగతులు చెప్పేటప్పుడు తన గురించి ఏమీ చెప్పేవారు కాదు. పక్క బారక్ పల్నాడు కుర్రాడి గురించి చెప్పేవారు. ఆ కుర్రాడు తిరిగి రాలేదు.

ఆ తర్వాత సెలవు మీద వచ్చినప్పుడల్లా, వీలైతే సంక్రాంతికి, కనుమ వెళ్లిన మర్నాడు పల్నాడు బస్సు ఎక్కేవారు. పెళ్లయ్యాక మా వదిన కూడా వెళ్లేది. ఆ తల్లి ప్రతిసారీ ఒకటే అడిగేదట, "ఆ పూట మావాడు అన్నం తిన్నాడా బాబూ?" అని. "తిన్నాడమ్మా, ఇద్దరం ఒక్క పళ్లెంలోనే తిన్నాం" అని చెప్పేవారట. అది నిజం. ఆమె పోయేదాకా ఏటేటా అదే మాట అడిగింది, ఈయన అదే జవాబు చెప్పారు. మొదటిసారి చెప్పినంత ఓపికగా చెప్పేవారని మా వదిన అంటుంది.

ఇప్పుడు చెప్పబోయేది మా వదినని అడిగి, సరేనన్నాకే చెప్తున్నాను.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. ఇక్కడున్న పెద్దవాళ్లకి ఆ తేదీ గుర్తు చేయనక్కర్లేదు. సముద్రం ఊళ్ల మీదకి వచ్చింది. పోయినవాళ్ల అధికారిక లెక్కే పదివేలు దాటింది. మా వదిన వాళ్ల అమ్మ, తమ్ముడు ఆ రాత్రి పోయారు. వదిన కాన్పుకని బెజవాడలో బంధువుల ఇంట్లో ఉండటాన బతికింది. హవల్దారు గారు టెలిగ్రాం అందుకుని ఉత్తరాది నుంచి రైళ్లు మారుతూ వచ్చారు. అవనిగడ్డ దాటాక దారి లేదు, నడిచారు. అత్తగారి ఊళ్లో ఇల్లు లేదు, ఇల్లున్న గుర్తు లేదు.

ఆయన వెతుకుతూ కూర్చోలేదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన వాళ్లు శవాలు పూడుస్తుంటే వాళ్లతో కలిశారు. కలిసి, ఒక పని చేశారు. పూడ్చేముందు ఒక్కొక్కరి గుర్తులు రాశారు. చీర రంగు, రవిక అంచు, చేతి మీద పచ్చబొట్టు, మెడలో తాడు, చెవికి పోగు ఉందా లేదా, ఎక్కడ దొరికారు, ఎక్కడ పూడ్చారు. పేర్లు తెలియని మనుషులు కదా, పేరు బదులు గుర్తులు రాశారన్నమాట. సెలవు అయిపోయి డ్యూటీకి వెళ్తూ ఆ పుస్తకం మా వదిన చేతిలో పెట్టారు. తర్వాత నెలల తరబడి మనుషులు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. చంటిపిల్లని ఒళ్లో పెట్టుకుని మా వదిన చదివి చెప్పేది. "ఆకుపచ్చ చీర, కుడిచేతికి పచ్చబొట్టు, సీత అని ఉంది." కొందరికి తమవాళ్లు దొరికారు. ఎక్కడున్నారో తెలిసి, వెళ్లి దీపం పెట్టుకున్నారు.

వదిన వాళ్లమ్మ ఆ పుస్తకంలో లేదండీ. తమ్ముడూ లేడు. అయినా వచ్చినవాళ్లందరికీ చదివి చెప్పింది. హవల్దారు గారి సేవ అని మనం ఇవాళ అంటున్నాం. ఆ సేవ మొదలైన పుస్తకం చదివింది ఈవిడ. ఈ మాట ఇవాళ్టి సభలో చెప్పకుండా ఉండటం అన్యాయమని నాకు అనిపించింది.

1992లో పదవీ విరమణ చేసి సింగ్ నగర్ వచ్చేశారు. ఇరవై నాలుగేళ్లలో ఇంట్లో ఉన్నది సెలవు రోజులే. ముగ్గురు పిల్లల్ని వదిన మనియార్డర్ల మీద, ఉత్తరాల మీద పెంచింది. చిన్నమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్లు. నాన్న అంటే ఏడాదికొకసారి నల్ల ట్రంకుపెట్టెతో వచ్చే మనిషి. దగ్గరికి వచ్చేది కాదు. ఆయన బుజ్జగించలేదు, బొమ్మలు కొనలేదు. రెండు జడలు వేయడం నేర్చుకున్నారు. రోజూ పొద్దున్నే బడికి వెళ్లేముందు ఆ పిల్ల వెనక పీట వేసుకు కూర్చుని, పాపిడి తీసి, రిబ్బన్లు ముడివేసేవారు. మొదట్లో జడలు వంకర పోయేవని ఆ అమ్మాయే చెప్పింది. పదో తరగతి దాకా నాన్నే జడ వేశారు. అదిగో, ఆ మూల కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది.

హవల్దారు గారి అమ్మకి పక్షవాతం వచ్చి మంచాన పడినప్పుడు ఆవిడ పని అంతా ఆయనే చేశారు. స్నానం చేయించడం, పక్క మార్చడం, జావ పట్టడం. "ఇరవై నాలుగేళ్లు నా బదులు నువ్వు చేశావు, ఇప్పుడు నా వంతు" అన్నారట వదినతో. బయట సన్మానాలకి పిలిస్తే వెళ్లేవారు కాదు, శాలువాలు వద్దనేవారు. మనవరాలి స్కూల్లో ఫంక్షన్ ఉంటే మాత్రం మా పని ఎంత ఉన్నా లేచి వెళ్లేవారు. దీన్ని తప్పుబట్టినవాళ్లున్నారు. సేవ చేసేవాడికి ఇల్లూ వాకిలీ అడ్డు రాకూడదు అన్నారు. నా అభిప్రాయం వేరు. ఇంట్లోవాళ్లని ఏడిపించి ఊరికి చేసే సేవ మీద నాకు గౌరవం లేదు. ఈయన ఇల్లు ఎప్పుడూ సేవకి అడ్డు రాలేదు, ఎందుకంటే ఇంట్లోవాళ్లు అందులో ఉన్నారు.

మాకు పరిచయం అయింది బ్యాంకులో. సైన్యం నుంచి వచ్చాక ఆయన మా బ్రాంచిలో గార్డుగా చేరారు. నేను పెన్షన్ కౌంటర్లో ఉండేదాన్ని. నవంబరు వస్తే మాకు రద్దీ. పెన్షనర్లందరూ బతికున్నట్టు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. తలుపు దగ్గర నిలబడి తుపాకీ పట్టుకున్న మనిషికి లోపలికి వచ్చి వెళ్లేవాళ్ల ముఖాలు బాగా తెలుస్తాయి. ఎవరు నవ్వుతూ వెళ్తున్నారు, ఎవరు కాగితాలు సంచిలో కుక్కుకుని తల దించుకు వెళ్తున్నారు అని. డ్యూటీ దిగాక ఆ రెండో రకం వాళ్లని బయట వేపచెట్టు కింద కూర్చోబెట్టి కాగితాలు చూసేవారు. అక్కడ మొదలైంది మా బల్ల. నేను రిటైరయ్యాక నేనూ వచ్చి పక్కన కూర్చున్నాను.

సైనికుల భార్యల కష్టం బయటివాళ్లకి తెలిసేది కాదండీ. కొంచెం వివరంగా చెప్తాను, ఇక్కడున్నవాళ్లలో కొందరికి ఉపయోగపడుతుంది. సైనికుడికి పెళ్లయితే ఆ సంగతి యూనిట్‌కి చెప్పాలి, భార్య పేరు రికార్డులో ఎక్కాలి. పాతకాలం వాళ్లు చాలామంది చెప్పలేదు. చెప్పినా అక్కడి గుమాస్తా తనకి వినబడ్డట్టు రాసుకున్నాడు. రికార్డులో 'లక్ష్మి', రేషన్ కార్డులో 'మహాలక్ష్మమ్మ', ఆధార్‌లో మూడో రకం. మన ఇంటిపేరు ముందుంటుంది, అక్కడ వెనక్కి పోతుంది. భర్త ఉన్నన్నాళ్లూ ఏమీ కాదు. భర్త పోయిన రోజు నుంచి ఆవిడ ఆవిడే అని రుజువు చేసుకోవాలి. అఫిడవిట్, నోటరీ, సైనిక సంక్షేమ కార్యాలయం, రికార్డ్ ఆఫీసుకి ఉత్తరం. చదువురాని మనిషి, భర్త పోయిన దుఃఖంలో ఉన్న మనిషి, ఎన్ని మెట్లు ఎక్కుతుంది?

ఇంకోటి. కుటుంబ పెన్షన్ తీసుకునేవాళ్లకి 80 ఏళ్లు నిండితే మూల పెన్షన్ మీద 20 శాతం అదనంగా ఇస్తారు. 85కి 30, 90కి 40, 95కి 50 శాతం. నూరేళ్లు నిండితే నూటికి నూరు. మరి పెన్షన్ కాగితంలో ఆవిడ పుట్టినతేదీ లేకపోతే? ఎనభై నిండిందని ఎవరికి తెలుస్తుంది? అలా రావలసింది రాక, వస్తుందని తెలియక గడిపిన ముసలమ్మల్ని అన్నయ్య గారు ఊరూరా వెతికి పట్టుకున్నారు. నందిగామ వైపు, తిరువూరు వైపు, అటు తెనాలి దాకా. పుట్టినతేదీ ఏ కాగితంలో దొరుకుతుందా అని ఇంట్లో పెట్టెలన్నీ తీయించేవారు. ఒకావిడ కొడుకు మానసిక వికలాంగుడు. తను పోతే వాడి గతేంటని ఆమె బెంగ. అలాంటి బిడ్డకి బతికున్నంత కాలం కుటుంబ పెన్షన్ వస్తుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. మెడికల్ సర్టిఫికెట్ కోసం ఆ అబ్బాయిని ఆసుపత్రికి తీసుకెళ్లడం, వాడు భయపడి వెనక్కి వచ్చేయడం, మళ్లీ వెళ్లడం. అన్నయ్య గారు ముందు వాడితో స్నేహం చేశారు. వాడి పేరు పుస్తకంలో రాసి, పక్కన 'పకోడీ ఇష్టం' అని రాసుకున్నారు. ఆ పని అయింది. వాళ్లమ్మ ఇప్పుడు లేదు, వాడికి పెన్షన్ వస్తోంది, పిన్ని చూసుకుంటోంది.

తర్వాత రోజులు మారాయి. పెన్షన్లు స్పర్శ్ అనే రక్షణ శాఖ ఆన్‌లైన్ పద్ధతిలోకి వెళ్లాయి, లైఫ్ సర్టిఫికెట్ కంప్యూటర్లో అయింది. జీవితమంతా నాట్లు వేసి, అంట్లు తోమిన చేతులు, వేలిముద్రలు అరిగిపోయి యంత్రం తీసుకోదు. 2021లో ఫోన్‌లో ముఖం చూపించే పద్ధతి వచ్చినప్పుడు, డెబ్బై దాటిన ఆయన మనవరాలి దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. నేర్చుకుని మాకు నేర్పారు.

రక్తదానం గురించి ఇందాక చెప్పారు కాబట్టి ఒక్క మాట. అరవై ఐదు నిండాక రక్తం తీసుకోరు. ఆ రోజు నుంచి ఆయన ఇచ్చేవాళ్ల పేర్లు రాయడం మొదలుపెట్టారు. గ్రూపు, ఫోన్ నంబరు, ఆఖరిసారి ఇచ్చిన తేదీ. మూడు నెలలు కానివాడికి ఫోన్ చేసేవారు కాదు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. ఇది మీ అందరూ పడ్డదే, నేను కొత్తగా చెప్పేదేముంది. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే బుడమేరు, కవులూరు దగ్గర గండ్లు పడి మన ఇళ్లలోకి వచ్చింది. 2005లోనూ చూశాం కానీ ఇంత కాదు. ఆయన ఇంట్లో కింద వాటా మునిగింది. కాగితాలన్నీ అటక మీద, ప్లాస్టిక్ సంచుల్లో మూతి కట్టి ఉన్నాయి. దివిసీమ మనిషి నీటిని నమ్మడు. వదినని పక్కింటి మేడ మీదకి చేర్చి, పుస్తకం తీశారు. అంతకు ముందు ఎప్పుడో తిరిగి రాసిపెట్టుకున్నది, మన వీధుల్లో మంచాన ఉన్నవాళ్లు ఎవరు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఎవరు, డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు ఎవరు, నెలలు నిండినవాళ్లు ఎవరని. ఫోన్లో ఛార్జింగ్ ఉన్నంతసేపు ఆ పేర్లు, ఇంటి గుర్తులు పడవల మీద తిరిగేవాళ్లకి అందించారు. "ఫలానా వీధిలో మనుషులున్నారు" అంటే పడవ ఎక్కడికని వెళ్తుంది? "గుడి పక్క సందు, పచ్చ గేటు, రెండో అంతస్తు, డయాలసిస్ మనిషి" అంటే వెళ్తుంది. ఆ మనిషి ఇవాళ ఈ హాల్లో ఉన్నారు.

గండ్లు పూడ్చటానికి సైన్యం ఇంజనీర్లు వచ్చారని తెలిసిన రోజు ఆయన ముఖం చూడాలండీ. ఇనుప వల బుట్టల్లో రాళ్లు నింపి కట్ట వేస్తున్నారని టీవీలో చూపిస్తే, మనవడికి అది ఎలా పేర్చాలో, కింద వరస ఎందుకు వెడల్పుగా ఉండాలో కాగితం మీద గీసి చెప్పారు. నీళ్లు తీశాక మనవణ్ని వెంటబెట్టుకుని కవులూరు వెళ్లి ఆ కట్ట చూసి వచ్చారు.

వరద పోయాక అసలు పని. కింద ఇళ్లకి 25 వేలు, పై అంతస్తులవారికి 10 వేలు ప్రభుత్వం ప్రకటించింది. లెక్క రాసేవాళ్లు వచ్చినప్పుడు ఇంట్లో లేనివాళ్లు, అద్దెకున్నవాళ్లు, ఆధార్‌లో పాత చిరునామా ఉన్నవాళ్లు జాబితాలో పడలేదు. బురద కడగని తన ఇంటి అరుగు మీద కూర్చుని వాళ్ల పేర్లు రాసి, అర్జీలు పెట్టించారు. ఆ బురదలో తిరిగే కదా ఆయన ఆరోగ్యం దెబ్బతిన్నది అని కొందరంటున్నారు. అది డాక్టర్లు చెప్పాల్సిన మాట. ఆయనైతే అలా అనుకోలేదు.

ఆఖరు రోజుల గురించి ఎక్కువ చెప్పను. రాత్రి పోయారు. కళ్లు ఆరు గంటల్లోపు తీసుకోవాలని ముందే ఇంట్లో అందరికీ చెప్పి ఉంచారు, చిన్నమ్మాయి ఫోన్ చేసి దగ్గరుండి ఇప్పించింది.

దినాలు అయ్యాక నేను వదిన దగ్గరికి వెళ్లాను, కుటుంబ పెన్షన్ కాగితాలు చూద్దామని. వదిన అటక మీంచి ఒక ఫైలు తీయించింది. అందులో అన్నీ ఉన్నాయి. జాయింట్ ఫొటో, జాయింట్ ఖాతా పాస్‌బుక్, పెన్షన్ ఆర్డరు, డిశ్చార్జి పుస్తకం, మాజీ సైనికుల వైద్య పథకం కార్డు, ఆధార్. ప్రతి దాంట్లో వదిన పేరు ఒకేలా, ఒక్క అక్షరం తేడా లేకుండా. ఎనభై నిండే తేదీ కూడా లెక్కకట్టి, 'ఈ నెల అడగాలి' అని పెన్సిల్‌తో రాసి పెట్టారు. నేను చేయడానికి ఏమీ మిగలలేదు. పాతికేళ్లు ఆ పని చేసినదాన్ని, అంత శుభ్రంగా ఉన్న ఫైలు నేను చూడలేదు. మా వదిన ఏ ఆఫీసు మెట్లూ ఎక్కలేదు.

ఎర్ర పుస్తకాలు నా దగ్గరికి వచ్చాయి. ఆఖరి పుస్తకంలో తేదీ పడని పేర్లు ఇంకా ఉన్నాయి. వాటిని మేం చూస్తున్నాం. వచ్చే నవంబరులో మన బల్ల ఎప్పటిలాగే ఇక్కడే ఉంటుంది. నేనుంటాను, ఆయన మనవరాలు ఉంటుంది, ఫోన్ పని ఆ అమ్మాయే చూస్తుంది. ఇంకో ఇద్దరు కావాలి. వారానికి ఒక పూట కూర్చోగలిగినవాళ్లు, చేతిరాత అర్థమయ్యేలా ఉన్నవాళ్లు సభ అయ్యాక పేరు చెప్పి వెళ్లండి.

మాజీ సైనికులందరినీ ఒక్కటి అడుగుతున్నాను. ఇంటికి వెళ్లాక పెట్టె తీసి మీ పెన్షన్ కాగితంలో మీ ఆవిడ పేరు, పుట్టినతేదీ ఉన్నాయో లేదో చూడండి. ఆధార్‌తో పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే నవంబరు దాకా ఆగొద్దు, రేపు ఆదివారం పది గంటలకి మా ఇంటికి తీసుకురండి. చిరునామా తలుపు దగ్గర ఉన్న అబ్బాయి చెప్తాడు.

సెలవు. నమస్కారం.